పొగా లేదు, పవరూ లేదు: అరకు ఘాట్‌లో చేతులెత్తేసిన పాత 1613

ఈ బండి పోయిన వేసవిలో వచ్చింది. టాటా 1613 లారీ, 2008 మోడల్, ఓనరుది విశాఖ గాజువాకే, ఆటోనగర్‌లో మా రిపేరు షెడ్డుకి రెండు వీధులవతల గోడౌను. పనేంటంటే సిమెంటు లోడు, ట్రిప్పుకి 200 బస్తాలు, అంటే సరిగ్గా పది టన్నులు, పెందుర్తి, కొత్తవలస, ఎస్.కోట మీదుగా అరకు. ఎస్.కోట దాకా బండికి ఏ రోగమూ లేదు. బొడ్డవర దాటి ఘాట్ మొదలయ్యాకే మొరాయింపు.

డ్రైవరుది శ్రీకాకుళం పక్క ఊరు, మనిషి నెమ్మది, కానీ చెప్పిందే చెప్తాడు. "కిందన బానే ఎల్తది గురువుగారా, టైడా కాడికొచ్చీసరికి ముసిల్దయిపోతది. మూడో గేరేస్తే రేజింగ్ ఎక్కదు, రెండుకి దింపినా అంతే, ఎనకాల బస్సోడేమో హారన్ మీద సెయ్యి తియ్యడు." నేను అడిగింది ఒకటే, పొగ ఏ రంగులో వస్తోంది అని. "పొగేటండి, అస్సలు నేదు, కొత్త బండిలాగుంది ఆ ఇషయంలో" అన్నాడు, కొంచెం గొప్పగానే అన్నాడు. ఆ మాటని నేను తప్పుగా అర్థం చేసుకున్నాను, దానికి రెండు రోజులు పోయాయి, ఎలాగో చెప్తాను.

మా దగ్గరికి వచ్చేసరికే ఓనరు ముప్పై ఎనిమిది వేలు తగలేసి ఉన్నాడు. డీజిల్ ఫిల్టర్లు రెండుసార్లు, ఎయిర్ ఫిల్టరు, సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాజిళ్లు ఆరూ కొత్తవి, ట్యాపెట్ సెట్టింగు, ఫీడ్ పంప్ కిట్టు. ఇంకో షెడ్డులో అయితే బోర్ అయిపోయింది (సిలిండర్లు అరిగిపోయాయి), ఇంజిన్ దించాలి అన్నారట, అది విని ఆయన నిద్ర మానేశాడు. తీసేసిన పాత నాజిళ్లు ఆరూ కేబిన్‌లో గుడ్డలో చుట్టి దాచాడు, నాకు అదే పెద్ద ఉపకారం అయింది, టెస్టర్ మీద పెట్టి కొట్టి చూస్తే నాలుగు నాజిళ్లు స్ప్రే బ్రహ్మాండంగా ఉన్నాయి, రెండు కొంచెం కారుతున్నాయి అంతే. రెండు నాజిళ్లు కొంచెం కారితే ఘాట్ ఎక్కకుండా పోదు. మన దగ్గర లాగట్లేదు అనగానే నాజిళ్లు మార్చెయ్యడం ఒక జబ్బు, ఎందుకంటే అవి విప్పడం తేలిక, బిల్లు రాయడం ఇంకా తేలిక.

ఇంజిన్ సంగతి కొంచెం చెప్పుకోవాలి. ఈ బండిలోది టాటా 697 ఇంజిన్. 697 అంటే ఆరు సిలిండర్లు, 97 మిల్లీమీటర్ల బోరు (సిలిండరు వెడల్పు), పేరులోనే ఉంది. స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 128, మొత్తం 5675 సీసీ. ఫోర్ స్ట్రోక్ కాబట్టి ప్రతి సిలిండరూ రెండు తిప్పులకి ఒకసారి గాలి తాగుతుంది, అంటే 2000 ఆర్‌పీఎం దగ్గర, గాలిని నొక్కి పంపే టర్బో లేకపోయినా నిమిషానికి దాదాపు 5675 లీటర్ల గాలి కావాలి, టర్బో నొక్కి పెడితే అంతకన్నా చాలా ఎక్కువ. ఈ బండిలో టర్బో ఉంది, ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ ఉంది, నాజిళ్లకి డీజిల్ కొట్టే పంపు పాత ఇన్‌లైన్ పంపు, కంప్యూటర్ గొడవ లేదు. పంపు వెనకాల, డీజిల్ ఎంత వదలాలో చూసుకునే గవర్నర్ మీద చిన్న డబ్బా లాంటిది ఉంటుంది, సిలిండర్లకి గాలి పంచే మానిఫోల్డ్ నుంచి సన్న పైపు ఒకటి దానికి వస్తుంది. టర్బో ప్రెషర్ పెరిగితే లోపలి డయాఫ్రం (పల్చటి పొర) నొక్కుకుని పంపు ఇంకొంచెం డీజిల్ వదులుతుంది, ప్రెషర్ లేకపోతే డీజిల్ కోసేస్తుంది, లేదంటే గాలి చాలక నల్లపొగ కక్కుతుంది కదా. ఈ డబ్బాని గుర్తు పెట్టుకోండి, చిక్కుముడి అంతా దీని చుట్టూనే.

నేను మొదట చేసింది ఇంజిన్ ముట్టుకోకపోవడం. లాగట్లేదు అన్న ప్రతి బండీ ఇంజిన్ బండి కాదు. బ్రేకు పట్టేస్తున్నా లాగదు, క్లచ్ జారుతున్నా లాగదు. ఖాళీ బండిని శీలానగర్ దాకా తిప్పి తెచ్చి బ్రేకు డ్రమ్ముల మీద చేత్తో నీళ్లు చల్లాను, నాలుగూ దాదాపు ఒకేలా ఉన్నాయి, ఏదీ బుస్సుమనలేదు. పై గేరులో నెమ్మదిగా పోతూ ఒక్కసారి ఫుల్ తొక్కితే ఆర్‌పీఎం ఎగరలేదు, అంటే క్లచ్ పట్టే ఉంది. పొగ గొట్టాన్ని మూసి బండి వేగం తగ్గించే ఎగ్జాస్ట్ బ్రేక్ ఫ్లాప్ సగంలో ఇరుక్కుని ఉంటుందేమో అని లివరు కదిపి చూశాను, పూర్తిగా తెరుచుకునే ఉంది (ఘాట్ బళ్లలో ఇది చాలామంది మర్చిపోతారు, దిగేటప్పుడు వాడతారు, ఎక్కేటప్పుడు అది ఉందనే గుర్తుండదు). యాక్సిలరేటర్ పెడల్ కేబిన్‌లో ఒకరు ఫుల్ తొక్కితే పంపు దగ్గర లివరు స్టాపర్‌కి తగులుతోందా లేదా అది కూడా చూశాం, తగులుతోంది. ఇంజిన్ లోపలి పొగ బయటకొచ్చే బ్రీదర్ దగ్గర పొగ మామూలుగానే ఉంది, ఆయిల్ ఫిల్లర్ మూత తిప్పి వదులుగా పెడితే ఎగిరిపడలేదు, పొద్దున చల్లటి ఇంజిన్ సగం తిప్పుకే అందుకుంది. బోర్ అయిపోయిన ఇంజిన్ ఇలా ఉండదు. ఇంజిన్ దించక్కర్లేదు అని ఓనరుకి అప్పుడే చెప్పేశాను, ఆయన ముఖం చూడాలి.

ఇప్పుడు నా తప్పు. పొగ లేదు, పవర్ లేదు అంటే డీజిల్ అందట్లేదు అని మేమందరం నేర్చుకున్న పాఠం. నల్లపొగతో పవర్ లేకపోతే గాలి తక్కువ, పొగ లేకుండా పవర్ లేకపోతే డీజిల్ తక్కువ, మా గురువు పాతికేళ్ల కిందట చెప్పాడు, అందులో తప్పేం లేదు. నేను చేసిన తప్పేంటంటే గేజ్ పెట్టకుండా ఆ పాఠాన్ని నమ్మి నేరుగా ట్యాంకు దించేశాను. లోపలి జాలీలో (వడపోత జల్లెడలో) బురద ఉంది, ఉంటుంది కదా పదహారేళ్ల ట్యాంకులో. ట్యాంకు నుంచి ఫీడ్ పంప్‌కి వెళ్లే రబ్బరు పైపు కోసి చూస్తే లోపలి పొర అక్కడక్కడ ఊడుతోంది. దొరికేసింది అనుకున్నాను, కుర్రాళ్లని పిలిచి చూపించి లెక్చరు కూడా ఇచ్చాను, చూడండిరా లోపలి పొర ఊడితే లోడులో లాగినప్పుడు మూత పడిపోద్ది, ఖాళీలో తెలీదు అని. పైపు మార్చి, ట్యాంకు కడిగి, మూత బ్రీదర్ కంత శుభ్రం చేసి, ఎయిర్ తీసి, బండి పంపించాను. మర్నాడు మధ్యాహ్నం టైడా నుంచి డ్రైవర్ ఫోను. "గురువుగారా, అదే ముసిల్ది."

కుర్రాళ్లు నవ్వలేదు, అదే ఎక్కువ బాధ. ఆ ట్యాంకు దించిన లేబరు నేను బిల్లులో వెయ్యలేదు.

తర్వాతి ట్రిప్పుకి నేనే బండెక్కాను, 200 బస్తాలతో. రెండు గేజ్‌లు కట్టాం. ఒకటి డీజిల్ ఫిల్టరు దాటాక పంపులోకి వెళ్లే పైపుని బిగించే బాంజో బోల్ట్ దగ్గర, ఇంకోటి మానిఫోల్డ్ నుంచి పంపు డబ్బాకి వెళ్లే ఆ సన్న పైపు మధ్యలో టీ జాయింటు వేసి. గాలి గేజ్ పైపు కేబిన్‌లోకి తెచ్చుకోవచ్చు, డీజిల్ గేజ్ మాత్రం ఎప్పుడూ లోపలికి తేకండి, పైపు ఊడితే వేడి ఇంజిన్ పక్కన కేబిన్ నిండా డీజిల్. నేను దాన్ని కిటికీ బయట సైడ్ మిర్రర్ రాడ్‌కి కట్టి కిటికీ అద్దంలోంచి చూశాను. షెడ్డులో నిలబెట్టి ఎంత రేజ్ చేసినా ఈ జబ్బు దొరకదు, ఎందుకంటే లోడు లేనప్పుడు ఇంజినుకి కావాల్సింది దాన్ని అది తిప్పుకోడానికి సరిపడా డీజిలే, చెంచాడు, అందుకే ఎగ్జాస్ట్‌లో వేడి ఉండదు, టర్బో బద్ధకంగా తిరుగుతుంది, గేజ్ ముల్లు లేవదు. ఘాట్ కావాలి, లోడు కావాలి.

టైడా దాటి మూడో గేరు, ఫుల్ తొక్కి, 1700 ఆర్‌పీఎం. డీజిల్ గేజ్ కిలో ప్రెషర్ (చదరపు సెంటీమీటరుకి కిలో) దగ్గర నిలబడింది, అరగంట ఎక్కినా కదల్లేదు. అంటే డీజిల్ పంపుదాకా శుభ్రంగా వస్తోంది, నా పైపు లెక్చరు వృథా. గాలి గేజ్ మాత్రం 0.35 కిలో దగ్గర ఆగిపోయింది, ఎంత తొక్కినా 0.4 దాటదు.

ఇది తక్కువా ఎక్కువా? పుస్తకం నంబరు కోసం నేను వెతకలేదు, ఆటోనగర్‌లోనే ఇదే ఇంజిను, ఇదే పంపు ఉన్న బండి ఇంకోటి తెలుసు, అది కూడా అరకే వెళ్తుంది, దానికి ఏ కంప్లయింటూ లేదు. దాని ఓనర్ని బతిమాలి అదే గేజ్ కట్టించి, మా కుర్రాణ్ణి ఎక్కించి పంపాను, అదే మలుపుల్లో అదే గేరులో 0.8 చూపించింది. ఆరోగ్యంగా ఉన్న అలాంటి బండి పక్కన పెట్టి కొలవడం కన్నా మంచి చార్టు నాకు ఇంతవరకు దొరకలేదు.

ఇక్కడే చిక్కు. టర్బోని తిప్పేది ఎగ్జాస్ట్ వేడి, వేడి ఇచ్చేది డీజిల్. డీజిల్ తక్కువైతే టర్బో నెమ్మదిస్తుంది, టర్బో నెమ్మదిస్తే పంపు మీది డబ్బా డీజిల్ ఇంకా కోసేస్తుంది. కోడి ముందా గుడ్డు ముందా అన్నట్టే, గాలి పోవడం వల్ల డీజిల్ తగ్గిందా, డీజిల్ తగ్గడం వల్ల గాలి తగ్గిందా, గేజ్ చూసి చెప్పలేం. చాలామంది ఇక్కడే టర్బో మార్చేస్తారు. నేను టర్బో ముందు పైపు విప్పి షాఫ్ట్ వేలితో కదిపాను, ఆట మామూలే, చక్రం హౌసింగ్‌కి రాసుకున్న గీతల్లేవు, వేలితో తిప్పితే చాలాసేపు తిరిగింది. ఎయిర్ ఫిల్టర్ నుంచి వచ్చే రబ్బరు మోచేయి లోపల చెయ్యి పెట్టి తడిమాను, గట్టిగానే ఉంది, పీల్చినప్పుడు మూసుకుపోయే రకం కాదు. డబ్బా డయాఫ్రం కూడా చేతిపంపుతో 0.7 ఎక్కించి నిమిషం చూశాను, పట్టుకుంది.

మిగిలింది గాలి దారి. టర్బో నోటికి సరిపడా చెక్క బిరడా చేయించి దాంట్లో ట్యూబ్ వాల్వ్ బిగించి, రెండు క్లిప్పులు వేసి, టైర్ల కంప్రెసర్ నుంచి రెగ్యులేటర్‌తో నెమ్మదిగా గాలి ఎక్కించాను. ఎదురుగా ఎవరూ నిలబడకూడదు, బిరడా ఊడితే తుపాకీ గుండే. ఆయిల్ ఫిల్లర్ మూత తీసి పెట్టాలి, టర్బో సీలు మీంచి కొంచెం గాలి క్రాంక్‌కేస్‌లోకి పోతుంది. సైలెన్సర్‌లోంచి బుస్ అంటూ పెద్దగా వస్తే భయపడక్కర్లేదు, ఏదో సిలిండరు రెండు వాల్వులూ తెరిచిన చోట ఆగి ఉంటుంది, ఇంజిన్ చేత్తో కొంచెం తిప్పితే తగ్గిపోతుంది. 0.3 దగ్గర సబ్బు నీళ్లు కొట్టాను, జాయింట్లన్నీ శుభ్రం, ఒక హోస్ క్లిప్పు దగ్గర చిన్న బుడగలు. సముద్రపు గాలికి మన ఊళ్లో క్లిప్పులు తుప్పు పట్టడం కొత్త కాదు, అది మార్చేశాం. 0.6 దాటాక ఒక్కసారిగా ఇంటర్‌కూలర్ కింద నుంచి ఈల. పడుకుని టార్చి వేసి చూస్తే దాని ఎడమ పక్క ట్యాంకు (గాలి చేరే పెట్టె) అడుగున, బ్రాకెట్ వెనకాల, వెల్డింగు వారగా వేలెడు పగులు. దాని చుట్టూ బొగ్గు పొడి, ఆయిలు కలిసి నల్లటి తడి ముద్ద. పోర్టు రోడ్లలో తిరిగే ప్రతి బండికీ కింద నల్లగానే ఉంటుంది కాబట్టి ఎవరూ అనుమానించలేదు, నేను కూడా మొదటి రోజు టార్చి వేసి చూసి మురికి అనుకుని వదిలేశాను. కానీ మురికి పొడిగా ఉంటుంది, లీకు ఉన్న చోటే తడిగా ఉంటుంది.

బ్రాకెట్ రబ్బరు బుష్ అరిగిపోయి ట్యాంకుకి రాసుకుని పగిలింది. చల్లగా ఉన్నప్పుడు, ప్రెషర్ లేనప్పుడు పగులు మూసుకునే ఉంటుంది, అందుకే ఐడిల్‌లో ఎవరికీ వినబడలేదు. ఘాట్‌లో వేడెక్కి ప్రెషర్ పెరిగేకొద్దీ నోరు తెరుస్తుంది.

కానీ నాకొక సందేహం మిగిలింది. ఇంత పగులుంటే నల్లపొగ రావాలి, గాలి పోతోంది కదా. డబ్బా డీజిల్ కోస్తుంది నిజమే, కానీ పూర్తిగా కోసెయ్యదు, ఎంతో కొంత పొగ కనబడాలి. ఈ బండి కొత్త బండిలా ఎందుకుంది? మళ్లీ పంపు దగ్గరికి వెళ్లి కూర్చున్నాను, గుడ్డతో తుడిచాను. ఫుల్ తొక్కినప్పుడు ఎంత డీజిల్ వదలాలో నిర్ణయించే ఫుల్ లోడ్ స్క్రూ మీద సీసపు సీలు లేదు, వైరు తెంపిన గుర్తు, నట్టు మీద పానా గీతలు కొత్తవి. డ్రైవర్ని పక్కకి పిలిచి టీ ఇప్పించి అడిగాను. కాసేపు నసిగాడు, తర్వాత చెప్పాడు. అంతకుముందు ఏడాది బండి నల్లపొగ కక్కేదట, పొల్యూషన్ పరీక్షలో ఫెయిలైంది, ఎవరో "కూసింత తగ్గించాడు", పరీక్ష పాసైపోయింది.

అప్పటికి మొత్తం అర్థమైంది. డీజిల్ బళ్ల పొల్యూషన్ పరీక్ష నిలబెట్టి ఖాళీగా పలుమార్లు రేజ్ చేసి చేసేది, ఇలాంటి పాత బళ్లకి పరిమితి 65 హార్ట్‌రిడ్జ్ యూనిట్లు (పొగ చిక్కదనం కొలత). అక్కడ లోడు ఉండదు. మొదట పగులు వచ్చింది, గాలి తగ్గి పొగ వచ్చింది. పగులు వెతకాల్సింది పోయి డీజిల్ తగ్గించారు, పొగ పోయింది, దాంతో పాటు పవర్ పోయింది, పగులు మాత్రం అలాగే పెరుగుతూ ఉంది. పొగ వస్తూ ఉండి ఉంటే నేను మొదటి రోజే గాలి పక్కకి వెళ్లేవాణ్ణి, డీజిల్ ట్యాంకు జోలికి పోయేవాణ్ణే కాదు. నా గురువు చెప్పిన పాఠం కరెక్టే, పంపు ఎవరూ ముట్టుకోకుండా ఉంటే.

ఇంటర్‌కూలర్ దించి కిరసనాయిలుతో లోపల బాగా కడిగి, పూర్తిగా ఆరబెట్టాం. ఇది తొందరపడే పని కాదు, లోపల ఆయిలు మిగిలితే ఇంజిన్ ఆ ఆయిలునే తాగి ఆపినా ఆగకుండా పరిగెత్తే ప్రమాదం ఉంది. అల్యూమినియం కాబట్టి ఆర్గాన్ వెల్డింగు, తర్వాత నీళ్ల తొట్టిలో ముంచి కిలో ప్రెషర్ పెట్టి బుడగ చూసుకున్నాం, కొత్త బుష్‌లు వేశాం. ముందర రెక్కల్లో పేరుకున్న బొగ్గు పొడి కూడా వెనక నుంచి గాలి కొట్టి తీశాం.

పంపు వెంటనే పంపలేదు, కావాలనే. ఏ రిపేరు ఎంత పని చేసిందో విడివిడిగా తెలియాలి కదా, రెండూ ఒకేసారి చేస్తే బండి బాగుపడుతుంది కానీ నాకేం తెలీదు. ఓనరు కొంచెం విసుక్కున్నాడు, ఏటి మేస్త్రీ ప్రయోగాలా అని, ట్రిప్పు ఎలాగూ వెయ్యాలి కదండీ అన్నాను. వెల్డింగు తర్వాత అదే లోడు, అదే మలుపు: 0.55. పొగ లేదు. గాలి ఇప్పుడు బయటకి పోవట్లేదు, పంపే ఇవ్వట్లేదు. అప్పుడు పంపు విప్పి, కొలిచి సెట్ చేసే కాలిబ్రేషన్ షాపుకి ఇచ్చాను, బెంచి మీద ఫుల్ లోడ్ డెలివరీ చార్టు కన్నా దాదాపు పదిహేను శాతం తక్కువ వచ్చింది. స్క్రూ చెవి అంచనాతో నేనే తిప్పొచ్చు, చాలామంది తిప్పుతారు, కానీ చెవి అంచనాతో ఒకడు తిప్పబట్టే కదా ఈ గొడవంతా, చార్టు ప్రకారం సెట్ చేయించి సీలు వేయించాను.

చివరి ట్రిప్పులో నేను ఎక్కలేదు, గేజ్ మాత్రం ఉంచి డ్రైవర్‌కి కాగితం ఇచ్చాను రాయమని. 0.82 రాశాడు. గేరు మార్చినప్పుడు పల్చగా నల్లపొగ ఒక్క క్షణం కనబడి పోతోంది, ఉండాల్సింది అదే. టైడా నుంచి అనంతగిరికి ఇదివరకు గంటా పది నిమిషాలు పట్టేది, ఇప్పుడు ముప్పావుగంట. మైలేజీ 3.6 కి పడిపోయి ఉన్నది నెల రోజుల లెక్కలో 4.4 అయింది. పొల్యూషన్ పరీక్ష మళ్లీ చేయించాం, సీలు ఉన్న పంపుతోనే పాసైంది.

ఒకటి మిగిలిపోయింది, టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కి వెళ్లే పైపులో సన్నగా ఆయిలు తడి ఉంది. ఇంత పాత ఇంజిన్‌కి కొంచెం మామూలే, కానీ పెరుగుతోందా లేదా చూడాలి, రెండు ట్రిప్పుల తర్వాత రమ్మన్నాను. ఓనరు రాలేదు, ఫోను చేశాడు. ఆయిలు సంగతి కాదు. "ఆ పాత నాజిళ్లలో నాలుగు మంచియ్యే అన్నారు కదా మేస్త్రీ, ఎవరికైనా కావాలంటే అమ్మిపెట్టండి." మా షెడ్డులో గ్రీజు డబ్బా పక్కన అదే గుడ్డలో ఉన్నాయి, ఇంకా ఎవరూ అడగలేదు.